ఫ్రాన్సు మధ్యలో ఒక స్పెయిన్ ఊరు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

యూరప్ పటంలో ఫ్రాన్సు లోపల ఓ చిన్న స్పెయిన్ ముక్క కనబడిందనీ, అది అచ్చుతప్పా అనీ అడిగారు. అచ్చుతప్పు కాదు. ఆ ఊరు లీవియా. పిరనీస్ కొండల్లో సెర్దాన్యా అనే లోయలో ఉంది. విస్తీర్ణం పదమూడు చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. చుట్టూ ఫ్రాన్సు. 1660 నుంచీ ఇంతే.

ఇద్దరు అన్నదమ్ముల ఆస్తి పంపకం తలుచుకోండి. పెద్దమనుషుల ఎదుట "పడమటి చేను నీది, తూర్పు చేను నాది" అనుకోవడం ఒక్క పూటలో తేలిపోతుంది. గట్టు ఎక్కడ వెయ్యాలి, బావి నీళ్ళు ఎవరికి ఎన్ని గంటలు, లోపలి చేలోకి బండి ఏ దారిన పోవాలి అన్న దగ్గర అసలు తగువు మొదలవుతుంది. రాజులు రాజ్యాలు పంచుకున్నా అదే వరస.

ఫ్రాన్సూ స్పెయినూ 1635లో యుద్ధానికి దిగాయి. 1659 నాటికి రెండింటికీ ఓపిక అయిపోయింది. ఆ జూన్‌లో పారిస్‌లో ముందుగా ఒక ముసాయిదా రాసుకున్నారు. తర్వాత సరిహద్దు నది బిదసోవా మధ్యలో ఉన్న ఫెజెంట్స్ దీవి మీద ఫ్రాన్సు తరఫున మంత్రి మజారిన్, స్పెయిన్ తరఫున మంత్రి లూయిస్ దె హారో కూర్చున్నారు. ఎవరూ ఎదుటివాడి గడప తొక్కినట్టు కాకుండా ఎవరి ఒడ్డు నుంచి వాళ్ళకు వేరే వంతెన, దీవి మీద కట్టిన మందిరంలోకి వేరే ద్వారం. ఆగస్టు నుంచి మాటలు సాగి, నవంబరు 7న 124 షరతులతో సంధి కుదిరింది.

బేరం ఎవరి స్వాధీనంలో ఏముందో దాని నుంచే మొదలైంది. కాటలోనియా ఉత్తర భాగమైన రూసియోన్ సీమలో ముఖ్యమైన పెర్పిన్యాన్ కోట 1642 నుంచీ ఫ్రాన్సు చేతిలో ఉంది కాబట్టి ఆ సీమ ఫ్రాన్సుకు పోయింది. కాటలోనియా ముఖ్య నగరం బార్సిలోనాను స్పెయిన్ 1652లో తిరిగి గెలుచుకుంది కాబట్టి మిగతా కాటలోనియా మీద ఆశ ఫ్రాన్సు వదులుకుంది. ఉత్తరాన ఆర్త్వా సీమ ఫ్రాన్సుదయింది, అందులో ఏర్, సెంతొమేర్ అనే రెండు పట్టణాలు మాత్రం స్పెయిన్ ఉంచుకుంది. ఫ్రాన్సు రాజు మీద తిరగబడి స్పెయిన్ పక్షాన పోరాడిన కొందే అనే రాకుమారుణ్ణి క్షమించి చేర్చుకున్నందుకు బదులుగా అవెన్ అనే కోట కూడా ఫ్రాన్సుకు వచ్చింది. ఒక మనిషికి ఒక కోట!

ఇక గట్టు సంగతి. 42వ షరతులో, పూర్వం నుంచీ రెండు దేశాలను విడదీసే పిరనీస్ కొండలే హద్దు అని రాశారు. వినడానికి బాగుంది. కొండ కొలబద్ద కాదు గదా, ఏ శిఖరం మీదుగా గీత పోవాలో అది చెప్పదు. 1660 వసంతంలో ఇరుపక్షాల ప్రతినిధులు సెరె పట్టణంలో కూర్చుని ప్రాచీన గ్రంథాలు తిరగేస్తూ వాదించుకున్నారు. చిక్కు సెర్దాన్యా దగ్గర వచ్చింది. ఆ లోయలో పడ్డ వాన సెగ్రే నదిలో కలిసి స్పెయిన్ వైపుకే పారుతుంది. నీటివాలు లెక్కన లోయ అంతా స్పెయిన్‌దే. కానీ రూసియోన్ నుంచి కొండల మీదుగా కరోల్ లోయకూ, అక్కడి నుంచి తన సొంత ఫ్వా సీమకూ ఫ్రాన్సుకు దారి కావాలి. చివరకు మే 31న లోయను చీల్చారు. దారి కోసం ఫ్రాన్సుకు 33 గ్రామాలు.

ఏ 33? ఆ జాబితా నవంబరు 12న లీవియాలోనే రాశారు. లీవియాకు పాతకాలం నుంచీ పట్టణ హోదా ఉంది. ఇస్తామన్నది గ్రామాలు గనక పట్టణం లెక్కలోకి రాదని స్పెయిన్ పట్టుబట్టి నిలుపుకుంది. అక్కడ ఎన్నటికీ కోట కట్టకూడదని ఫ్రాన్సు షరతు పెట్టింది. పక్కనున్న స్పెయిన్ పట్టణం పుచ్చెర్దాకు రాకపోకలకు ఒక దారి వదిలారు.

బావి తగువు కూడా ఉంది. పుచ్చెర్దాకు నీళ్ళిచ్చే పాత కాలువ కరోల్ నదిలో మొదలవుతుంది. పంపకం తర్వాత కాలువ తల ఫ్రాన్సులో, ఊరు స్పెయిన్‌లో మిగిలాయి. పైవాళ్ళు నీళ్ళు మళ్ళిస్తే కిందివాళ్ళ మడులు ఎండాయి. ఈ నీటి వాటాలు ఒప్పందంలో తేలేసరికి 1866 వచ్చింది. హద్దుల మీద అంకెలు చెక్కిన రాళ్ళు పాతింది కూడా ఆ రోజుల్లోనే.

ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఆ 33 ఊళ్ళ రైతుల్ని ఎవరూ అడగలేదు. అది అన్యాయం. మరుసటి ఏడాది, 1661లో, రూసియోన్‌లో ఫ్రాన్సు ఉప్పు పన్ను వేస్తే అక్కడి వలెస్పిర్ ప్రాంతపు కొండజనం ఏళ్ళ తరబడి తిరగబడ్డారు.

సంధిలో ఒక పెళ్ళి కూడా ఉంది. స్పెయిన్ రాజకుమారి మరియా తెరెసాను ఫ్రాన్సు రాజు 14వ లూయీకి ఇచ్చారు. కట్నం 5,00,000 బంగారు నాణేలు. అది ముట్టాక ఆమె పుట్టింటి ఆస్తి మీద హక్కు వదులుకోవాలి. స్పెయిన్ ఖజానాలో డబ్బు లేదు, కట్నం ముట్టలేదు. భార్య హక్కు పోలేదంటూ లూయీ 1667లో సేన నడిపాడు, మరుసటి ఏడాది సంధిలో స్పెయిన్ ఏలుబడిలోని లీల్ పట్టణం దక్కించుకున్నాడు.

మజారిన్, హారో కూర్చున్న దీవిని మాత్రం ఇప్పటికీ పంచుకోలేదు. ఫిబ్రవరి 1 నుంచి జూలై 31 దాకా స్పెయిన్ పాలన, ఆగస్టు 1 నుంచి జనవరి 31 దాకా ఫ్రాన్సు పాలన. ఆందాయ్, ఇరూన్ పట్టణాల మధ్య నదిలో వెతకండి, సన్నగా చెట్లతో కనిపిస్తుంది. ఇవాళ్టి తేదీ చూసి, ఇప్పుడది ఎవరిదో నాకు జాబు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య