డిసెంబర్ 31 రాత్రి ఊదే ముందు: డ్రంకెన్ డ్రైవ్ కేసుల్లో అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ చివరి వారం వచ్చిందంటే హైదరాబాద్ నాంపల్లి కోర్టుల్లో ప్రాక్టీసు చేసే మాలాంటి లాయర్లకు ఒకే రకం ఫోన్లు. "అన్నా, ఒక్క బీరుకు కూడా పట్టుకుంటారా?" "సార్, ఊదనని చెప్తే ఏం చేస్తారు?" "బండి ఇవ్వనంటున్నారు, మీరొకసారి ఎస్సైతో మాట్లాడండి." వీటికి తోడు వాట్సాప్‌లో తిరిగే 'మీ హక్కులు తెలుసుకోండి' మెసేజీలు. వాటిలో సగం తప్పు, మిగతా సగం అరకొర.

డ్రైవర్‌కు హక్కులు లేవని కాదు. ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. కాకపోతే జనం వెతికే చోట లేవు. బారికేడ్ దగ్గర కానిస్టేబుల్‌తో గొంతు పెంచి వాదిస్తే అవి పనిచేయవు. చేతికొచ్చే కాగితం, బండి ఎవరికి అప్పగించారు, కోర్టులో మీరేం చెప్పారు అన్న చోట్ల పనిచేస్తాయి. తాగి నడిపి తప్పించుకునే చిట్కాలు కావాలంటే మాత్రం ఇక్కడ దొరకవు.

అపోహ: ఒక్క బీరుకు ఏం కాదు

మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్. ఊదించే మిషన్ (బ్రీత్ అనలైజర్) మీద అంకె కనపడేదీ ఈ లెక్కలోనే. 650 మి.లీ. సీసాలో 5 శాతం ఆల్కహాల్ అంటే దాదాపు 26 గ్రాములు. 70 కిలోల మగవాడు ఖాళీ కడుపున గబగబా తాగితే లెక్క ప్రకారం 50 దాటుతుంది. 8 శాతం ఉండే స్ట్రాంగ్ బీరైతే 80 దాటొచ్చు. 60 మి.లీ. విస్కీ 40 చుట్టుపక్కలకు తీసుకెళ్తుంది. బరువు తక్కువున్న వాళ్లకు, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ చూపిస్తుంది. తిన్న తిండిని బట్టి, గడిచిన సమయాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. అయినా "ఒక్కటే కదా" అన్న ధైర్యానికి ఇందులో చోటు లేదు.

పడుకుని లేస్తే దిగిపోతుందనే నమ్మకమూ ఇలాంటిదే. శరీరం గంటకు సుమారు 15 చొప్పునే తగ్గిస్తుంది. రాత్రి ఒంటిగంటకు 120 ఉన్న మనిషి ఏడింటికి లేచి, స్నానం చేసి, ఫిల్టర్ కాఫీ తాగి బండెక్కినా అంకె ఇంకా 30 దగ్గరే ఉంటుంది.

అపోహ: పాన్, యాలకులు, నిమ్మకాయ వేసుకుంటే మిషన్‌కు అందదు

వాసన పోతుందేమో. మిషన్ కొలిచేది ఊపిరితిత్తుల లోతు నుంచి వచ్చే గాలిని.

దీనికి రెండో వైపు ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తాగని వాడికి కూడా అంకె రావొచ్చు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, కొన్ని దగ్గు మందులు, హోమియో చుక్కలు అప్పుడే నోట్లో వేసుకుని ఊదితే మిషన్ నోటిలోని ఆల్కహాల్‌నే పట్టుకుంటుంది. అది 15, 20 నిమిషాల్లో పోతుంది. అలాంటప్పుడు "సార్, ఇప్పుడే మందు వేసుకున్నాను, కాసేపాగి మళ్లీ ఊదుతాను" అని మర్యాదగా అడగండి (మందు అంటే ఏ మందో కూడా చెప్పండి, అక్కడ ఆ మాటకు వేరే అర్థం తోస్తుంది). 203 సెక్షన్‌లోనే 'ఒకటి లేదా అంతకంటే ఎక్కువ' శ్వాస నమూనాలు అని ఉంది కాబట్టి రెండోసారి ఊదడం చట్టానికి కొత్తేమీ కాదు.

ఊదే ముందు కొత్త పైపు మీ కళ్ల ముందే ప్యాకెట్ విప్పి పెట్టమనండి. ఊదిన తర్వాత మిషన్ నుంచి వచ్చే స్లిప్పు చూడండి. వేలెడు వెడల్పున్న ఆ కాగితమే కేసుకు పునాది. పేరు, బండి నంబరు, తేదీ, సమయం, అంకె సరిగ్గా ఉన్నాయా? రాత్రి 11:40కి పట్టుకుంటే స్లిప్పులో వేరే టైము ఉందా? సంతకం పెట్టే ముందే చెప్పండి. ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఆ కాగితం మీద అంకెలు కొన్నాళ్లకు వెలిసిపోవచ్చు, ఫొటో ఉంటుంది.

అపోహ: ఊదనని చెప్పడం నా హక్కు, ఊదకపోతే కేసే ఉండదు

ఈ ఒక్క ఫార్వర్డ్ చేసిన నష్టం ఇంకేదీ చేసి ఉండదు.

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి, తాగి నడుపుతున్నారని అనుమానించడానికి సహేతుకమైన కారణం ఉంటే ఊదమని అడగొచ్చు. ఫలానా ర్యాంకు వాళ్లే అడగాలని 203 సెక్షన్‌లో లేదు. "అందరినీ ఆపి ఊదిస్తుంటే సహేతుకమైన కారణం ఎక్కడుంది?" అని అడిగే క్లయింట్లు ఉన్నారు. మంచి ప్రశ్నే. కానీ దాన్ని లేవనెత్తాల్సింది కోర్టులో, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర అర్ధరాత్రి కాదు.

నిరాకరిస్తే మూడు జరగొచ్చు. తాగారన్న అనుమానం బలంగా ఉంటే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. స్టేషన్‌లో మళ్లీ ఊదే అవకాశం ఇస్తారు, అది చట్టం మీకిచ్చిన హక్కే. అప్పుడూ ఊదకపోతే 204 సెక్షన్ కింద డాక్టర్ చేత రక్తం తీయించమని అడగొచ్చు. ఇక 205 సెక్షన్ ప్రకారం, సరైన కారణం చూపలేకపోతే మీ నిరాకరణనే ప్రాసిక్యూషన్ సాక్ష్యానికి బలంగా కోర్టు తీసుకోవచ్చు. అంటే ఊదకుండా మీరు దాచుకున్నదే మీకు ఎదురు సాక్ష్యం. ఆస్తమా వంటి జబ్బుతో నిజంగానే ఊదలేకపోతే అది సరైన కారణమే. అక్కడికక్కడే చెప్పి రాయించుకోండి, రక్త పరీక్షకు సిద్ధమని చెప్పండి.

అరెస్టు చేశాక రెండు గంటల్లోపు డాక్టర్ పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలని 202 సెక్షన్ చెబుతోంది. దీన్ని అడిగే వాళ్లు చాలా తక్కువ. మొదటిసారి నేరం బెయిలబుల్ కాబట్టి పూచీకత్తు ఇస్తే బెయిల్ హక్కుగా వస్తుంది. అరెస్టు కారణం చెప్పమనడం, ఇంట్లో వాళ్లకు కబురు చేయమనడం, లాయర్‌ను కలుస్తాననడం ఎప్పుడైనా అడగదగ్గవే.

అపోహ: ఆడవాళ్లను రాత్రి ఊదించకూడదు

సూర్యాస్తమయం తర్వాత మహిళల అరెస్టుకు ప్రత్యేక నిబంధనలున్నాయి. ఊదడానికి లేవు. రక్తం తీసే డాక్టర్ మగవాడైతే పక్కన మరో మహిళ ఉండి తీరాలి.

అపోహ: బ్రీత్ అనలైజర్ చెల్లదని హైకోర్టు చెప్పేసింది

ఇది 2025లో తెలంగాణ హైకోర్టులో వచ్చిన ఒక ఆర్టీసీ డ్రైవర్ కేసు నుంచి పుట్టింది. బ్రీత్ అనలైజర్ ఫలితం ఒక్కదాన్నే పట్టుకుని ఉద్యోగం నుంచి తీసేయడం తగదని, రక్త పరీక్ష వంటివి కూడా ఉండాలని కోర్టు అంది. అది ఉద్యోగానికి సంబంధించిన వివాదం. రోడ్డు మీద పెట్టే 185 కేసు వేరు. ఆ సెక్షన్‌లోనే బ్రీత్ అనలైజర్ పరీక్ష అని రాసి ఉంది, దాని ఫలితం సాక్ష్యంగా చెల్లుతుందని 203 చెబుతోంది. అయితే ఆ మిషన్ ఆమోదం పొందిన రకమేనా, కాలిబ్రేషన్ (అంకె సరిగ్గా చూపిస్తోందా అన్న తనిఖీ) ఎప్పుడు చేశారు అని విచారణలో అడిగే దారి మీకు ఎప్పుడూ ఉంది. అంకె 32, 34 దగ్గర ఉన్న కేసుల్లో ఇది పనికొస్తుంది. 180 వచ్చిన వాళ్లు దీని మీద ఆశ పెట్టుకోవద్దని నేనే చెప్తాను.

అపోహ: పట్టుబడితే బండి సీజ్, కోర్టు అయ్యేదాకా రాదు

2021 నవంబర్‌లో తెలంగాణ హైకోర్టు చాలా రిట్ పిటిషన్లను కలిపి విని, తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండి సీజ్ చేసే అధికారం పోలీసులకు లేదని తేల్చింది. తాగిన మనిషిని నడపనివ్వకూడదు, అది మాత్రం స్పష్టం. పక్కన తాగని, లైసెన్స్ ఉన్న మనిషి ఉంటే అతనికి బండి ఇవ్వాలి. లేకపోతే బంధువునో మిత్రుడినో పిలిపించాలి. ఎవరూ రాకపోతేనే దగ్గరి స్టేషన్‌లోనో సురక్షితమైన చోటో ఉంచాలి. తర్వాత యజమాని గానీ, ఆయన పంపిన మనిషి గానీ ఆర్సీ, లైసెన్స్ చూపిస్తే వదిలేయాలి.

ఈ తీర్పు తెలిసినా ఆ రాత్రి చాలామందికి ఉపయోగపడకపోవడానికి కారణం పిలవడానికి మనిషి లేకపోవడమే. ఉన్నా రాలేడు. మీరు మాదాపూర్‌లో పట్టుబడ్డారు, తమ్ముడు మలక్‌పేటలో ఉన్నాడు. 31 రాత్రి నగరంలో చాలా ఫ్లైఓవర్లు మూసేస్తారు, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, ట్యాంక్‌బండ్, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కూడా. వాడు కింది దారుల్లో ట్రాఫిక్ దాటి వచ్చేసరికి మీ బండి ట్రాలీ ఎక్కేసి ఉంటుంది. పార్టీకి వెళ్లేటప్పుడే తాగని వాడొకడు కారులో ఉన్నాడా, వాడి లైసెన్స్ వాడి దగ్గర ఉందా చూసుకుంటే ఈ గొడవే రాదు. డిజిలాకర్‌లోని లైసెన్స్, ఆర్సీ చెల్లుతాయి, గ్యాలరీలోని ఫొటో చెల్లదు. బండిని స్టేషన్‌కు తీసుకెళ్తే ఎక్కడికి, ఏ స్థితిలో తీసుకెళ్లారో కాగితం అడగండి, నాలుగు వైపులా ఫొటో తీయండి.

తాళం చెవి లాక్కోవచ్చా అని ప్రతిసారీ అడుగుతారు. మోటారు వాహనాల చట్టంలో అలాంటి అధికారం ఎక్కడా రాసి లేదు. కానీ మీరు పారిపోవడానికి ఎక్సలేటర్ తొక్కుతుంటే ఆ వాదన ఏ మేజిస్ట్రేట్ ముందూ నిలవదు.

అపోహ: నేను నడపలేదుగా

బారికేడ్ కనపడగానే దిగి బైకు తోసుకెళ్లే వాళ్లను చూస్తుంటాం. నడుపుకుంటూ వచ్చింది చూసిన పోలీసు ముందు అది నటన కిందే లెక్క. పక్క సీట్లో కూర్చున్న వాడూ పూర్తిగా సేఫ్ కాదు. తాగినవాడిని నడపమని ఉసిగొల్పితే, తన బండి ఇచ్చి పంపితే 188 సెక్షన్ కింద అదే శిక్ష పడొచ్చు. సైబరాబాద్‌లో తోటి ప్రయాణికుల మీదా ఈ సెక్షన్ వాడారు.

అపోహ: అక్కడే ఫైన్ కట్టేస్తే అయిపోతుంది

హెల్మెట్ చలానా లాంటిది కాదు ఇది. 185 నేరాన్ని రోడ్డు మీద రాజీ చేసే అధికారం ఏ అధికారికీ లేదు. "ఇంత ఇస్తే వదిలేస్తాం" అన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా అది లంచమే. హైదరాబాద్‌లో పద్ధతి ఏమిటంటే, గోషామహల్ లేదా బేగంపేట ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్, దానికి ఇంట్లోంచి ఒకరు రావాలి, ఆ తర్వాత కోర్టు. పెళ్లాన్నో నాన్ననో పక్కన కూర్చోబెట్టుకుని యాక్సిడెంట్ వీడియోలు చూడటం జరిమానా కంటే ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

శిక్ష మొదటిసారి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే 2 ఏళ్ల వరకు జైలు, లేదా 15,000, లేదా రెండూ. లైసెన్స్ సస్పెన్షన్‌కు ఆర్టీఏకి పంపుతారు. లైసెన్స్ తీసుకుంటే రసీదు ఇచ్చి తీరాలి, అడిగి తీసుకోండి.

కోర్టు హాల్లో వరుసగా పేర్లు పిలుస్తుంటారు. "తాగి నడిపారా?" "అవును సార్." జరిమానా, సంతకం, తర్వాతి పేరు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఆ "అవును సార్" అంటే నేరం ఒప్పుకోవడమే, అది నేరం రుజువైనట్టుగా (కన్విక్షన్) రికార్డులో ఉంటుంది. తర్వాత వీసా ఫారంలోనో ఉద్యోగం ఫారంలోనో 'ఎప్పుడైనా నేరం రుజువైందా' అని అడిగితే లేదని రాయలేరు. మళ్లీ పట్టుబడితే అది రెండో నేరం అవుతుంది. చాలామందికి ఒప్పుకోవడమే సరైన దారి, నేనూ అదే చెప్తాను. కానీ చార్జిషీటు కాపీ చదవకుండా, స్లిప్పులో అంకె చూడకుండా ఒప్పుకోవద్దు. వాదించుకుంటాను, టైము ఇవ్వండి అనే హక్కు ఆ రెండు నిమిషాల్లోనూ ఉంటుంది.

అపోహ: ఇన్సూరెన్స్ ఉందిగా

తాగి గుద్దితే మీ సొంత బండి రిపేరు డబ్బు కంపెనీ ఇవ్వదు. ఎదుటివాళ్లకు నష్టపరిహారం కట్టినా దాన్ని యజమాని నుంచి రాబట్టుకునే దారి ఉంది. స్లిప్పు లేదు కాబట్టి తాగినట్టు రుజువు లేదన్న వాదన కూడా అన్నిసార్లూ చెల్లదు. ఊదించకపోయినా ఇతర సాక్ష్యంతో కంపెనీ దాన్ని నిరూపించవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మనిషి చనిపోతే కేసు 185తో ఆగదు, భారతీయ న్యాయ సంహిత 105 సెక్షన్ (హత్య కిందికి రాని నరహత్య) కింద పెట్టే అవకాశం ఉంది. అది బెయిలబుల్ కాదు. ఆ ఫోన్ వచ్చినప్పుడు స్లిప్పులో టైము సరిగ్గా ఉందా అని నేను అడగను, లొంగిపోయారా అని అడుగుతాను.