మిద్దె మీది మంచినీళ్లలో మలేరియా దోమ

తిరుపతిలో దోమల మాట వస్తే చాలు, అందరి వేళ్లూ మురుగు కాలువ వైపే చూపిస్తాయి. కాలువ పూడిక తీయడం లేదు, చెత్త ఎత్తడం లేదు, ఖాళీ ప్లాటులో నీళ్లు నిలిచాయి, అందుకే ఈ జ్వరాలు అంటారు. చిత్తూరులోనూ ఇదే మాట. దోమ కుడితే మలేరియా వస్తుందని తెలియనివాళ్లు మన దగ్గర ఇప్పుడు చాలా అరుదు. బడి పాఠాలు, గోడల మీది రాతలు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు కలిసి సాధించిన పని అది, చిన్నదేమీ కాదు. అయితే మన తెలివిడి అక్కడే ఆగిపోయింది. ఏ దోమ, ఏ నీళ్లలో పుట్టేది అన్న దాకా ఇంకా రాలేదు.

కాలువలో పుట్టేది ఎక్కువగా క్యూలెక్స్ దోమ. దీపాలు పెట్టే వేళకు ఇంట్లోకి దూరి, చెవి దగ్గర గుయ్‌మంటూ రాత్రంతా నిద్ర చెడగొట్టేది అదే. బోదకాలును మోసేదీ అదే. కానీ మనిషికి వచ్చే మలేరియా క్రిమి దాని ఒంట్లో పెరగదు. ఆ క్రిమిని మోసేది అనాఫిలిస్ ఆడదోమ. మన దేశంలో పల్లెల్లో ఈ పని ప్రధానంగా అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్‌ది. పొలాల మధ్య కాలువలు, గుంతలు, ఏటి ఒడ్డున నిలిచిన నీళ్లు దానికి చాలు. పట్నాల్లో అనాఫిలిస్ స్టెఫెన్సై ఉంటుంది. దానికి తేటనీళ్లు కావాలి. మూత పగిలిన ఓవర్‌హెడ్ ట్యాంకు, సంపు, వాడకం మానేసిన బావి, కొత్తగా కడుతున్న ఇంట్లో గోడలు తడపడానికి నింపిపెట్టిన తొట్టి, ఇవీ దాని పుట్టిళ్లు. అంటే మనం ముక్కు మూసుకుని తప్పుకుపోయే చోటు కాదు, మనం నీళ్లు వాడుకునే చోటే.

ఈ తేడా పట్టుకోవడానికి, మలేరియాను మోసేది దోమేనని తేల్చిన డాక్టరు రొనాల్డ్ రాస్‌కే రెండేళ్లు పైగా పట్టింది. ఆయన 1895లో సికింద్రాబాద్‌లో దోమల్ని కోసి మైక్రోస్కోపు కింద చూడటం మొదలుపెట్టాడు. సులువుగా దొరికే బూడిదరంగు దోమల్ని, చారల దోమల్ని తెచ్చి మలేరియా రోగుల్ని కుట్టించేవాడు. వాటి కడుపులో ఏమీ కనిపించేది కాదు. చివరికి రెక్కల మీద మచ్చలున్న మరో రకం దోమలు చేతికి వచ్చాయి. హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. 1897 ఆగస్టు 20న ఆ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి కనిపించింది. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంత పెద్ద విషయం మన తెలుగునేల మీదే బయటపడింది. అయినా ఆ మచ్చల రెక్కల దోమ ఎక్కడ పుడుతుందో మన ఇళ్లలో చాలామందికి ఈనాటికీ తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

చూసి తెలుసుకోవడం కష్టమేమీ కాదు. తెల్లటి ప్లాస్టిక్ మగ్గుతో ట్యాంకు పైనుంచి నీళ్లు మెల్లగా తీసి, వెలుతురులో పెట్టి చూడండి. మగ్గు తగిలిన అదురుకి నీళ్లలోని దోమ పిల్లపురుగులన్నీ ఒక్కసారిగా అడుగుకు పోతాయి. కదపకుండా కాసేపు ఆగితే ఊపిరి కోసం మళ్లీ పైకి వస్తాయి. అప్పుడు గమనించాలి. తల కిందికి వేలాడేసి, తోక దగ్గరి గొట్టంతో గాలి పీలుస్తుంటే అవి క్యూలెక్స్‌వో, డెంగీని మోసే ఏడిస్‌వో. గొట్టమేమీ లేకుండా, పుల్లముక్కలా నీటి మీద అడ్డంగా పడుకుని ఉంటే అది అనాఫిలిస్. పెద్ద దోమనూ గుర్తుపట్టొచ్చు. మిగతావి గోడ మీద వాలినప్పుడు ఒళ్లు గోడకు సమానంగా ఉంచుతాయి. అనాఫిలిస్ మాత్రం తల దించి, వెనక భాగం పైకి లేపి ఏటవాలుగా కూర్చుంటుంది.

మలేరియా మురికివాళ్లకు వచ్చే జబ్బన్న అభిప్రాయం మనలో గట్టిగా పాతుకుపోయింది. అందుకే ఆశా కార్యకర్త వచ్చి, "అక్కా, ఒకసారి మిద్దె మీద ట్యాంకు చూస్తాను" అంటే కొందరికి చిన్నతనంగా ఉంటుంది. "మా ఇల్లు చూడమ్మా, ఎంత శుభ్రంగా ఉందో, ఇక్కడ దోమలెందుకు పుడతాయి?" అంటారు. ఇల్లు శుభ్రంగా ఉన్నమాట నిజమే. పైనున్న ట్యాంకులో నీళ్లూ శుభ్రమే. అవి అంత శుభ్రంగా ఉండబట్టే ఆ దోమ వచ్చింది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని ముందు మనం ఒకరికొకరం చెప్పుకోవాలి.

ఇంకో చిక్కు నీళ్ల కరువు. "నిల్వ నీళ్లు పారబోయండి" అని చెప్పడం సులువే. కొళాయి రోజూ రాని వీధిలో, ట్యాంకర్ కోసం బిందెలు వరసపెట్టే ఇంట్లో, ఆ మాట విన్న ఇల్లాలు ఏం చేస్తుంది? డ్రమ్ములో నీళ్లు పారబోస్తే రేపటికి నీళ్లెక్కడివి? ఆమె మాట వినకపోవడం తెలియకపోవడం వల్ల కాదు. పారబోయమనడం కంటే మూయమని చెప్పడం మేలని నా అభిప్రాయం. పాత నూలు చీర ముక్కను రెండు మడతలేసి డ్రమ్ము మీద పరిచి, సందు లేకుండా తాడుతో బిగించి కట్టితే దోమ లోపలికి పోయి గుడ్లు పెట్టలేదు. లోపల ముందే పుట్టిన దోమ బయటికి రాలేదు. సంపు మూత సరిగ్గా కూర్చోవాలి, ట్యాంకు గాలి గొట్టానికి సన్నటి వల కట్టాలి. పెద్ద బావులు, కుంటల్లో గంబూషియా చేపలు వదిలితే అవి పురుగుల్ని తినేస్తాయి.

శుక్రవారం డ్రై డే, అంటే నీళ్ల తొట్టెలు ఖాళీ చేసే రోజు అని వారానికోసారి పెట్టడంలోనూ లెక్క ఉంది. మన ఎండల్లో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఏడో రోజుకల్లా తొట్టి ఖాళీ అయితే లోపలి పురుగులు రెక్కలు రాకముందే పోతాయి. తొట్టి గోడలు రుద్ది కడగమనేది మాత్రం ఏడిస్ కోసం. దాని గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికుంటాయి.

ఫాగింగ్ బండి వస్తే జనానికి ధైర్యంగా ఉంటుంది. పొగ కంటికి కనిపిస్తుంది, ఎవరో పట్టించుకున్నారని అనిపిస్తుంది. ఆ పొగ తగిలిన దోమలే చస్తాయి. నీళ్లలో ఉన్న పురుగుకు ఏమీ కాదు. జ్వరాలు ప్రబలినప్పుడు ఫాగింగ్‌కు పని ఉంది గానీ, దాన్ని నమ్ముకుని ట్యాంకు మూత మరిచిపోతే లాభం లేదు. వేపాకు పొగ వేసినంతసేపు దోమలు దూరంగా ఉంటాయేమో, తెల్లవారేదాకా కాపాడదు. అనాఫిలిస్ కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేలోపు కాబట్టి దోమతెరకు మించింది లేదు.

వానల సంగతీ చెప్పాలి. దేశమంతా జూన్‌ను మలేరియా వ్యతిరేక మాసంగా జరుపుతారు. మనకు నైరుతితో సరిపోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన కూడా ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా మునిగాయో ఎవరూ మరిచిపోలేదు. కాబట్టి తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఆ ప్రచారం అక్టోబరులో మళ్లీ జరగాలి. ఎండాకాలంలోనూ తీరిక లేదు, ఎందుకంటే అప్పుడే నీళ్లు ఎక్కువ నిల్వ చేస్తాం.

రాష్ట్రంలో మలేరియా కేసులు చాలావరకు ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనివే, మనకెందుకీ టెన్షన్ అని అడగొచ్చు. దోమ పుట్టుకతోనే మలేరియా మోయదు. క్రిమి ఉన్న మనిషిని కుట్టాలి, ఆ క్రిమి దోమ ఒంట్లో పదిరోజులకు పైగా ఎదగాలి, తర్వాతే అది ఇంకొకరికి అంటిస్తుంది. తిరుమలకు రోజుకు 60 వేల మందికి పైగా వస్తారు. కట్టడాల పనికి ఎక్కడెక్కడి నుంచో కూలీలు వస్తారు. మనమూ చెన్నైకి, ఇంకా దూరాలకు తిరుగుతాం. వచ్చేవాళ్ల తప్పేమీ లేదు, జ్వరం ఎవరికైనా వస్తుంది. వాళ్లు మన ఊళ్లో ఉన్నప్పుడు రక్తపరీక్ష, మందు అందడమే వాళ్లకూ మనకూ రక్ష.

జ్వరం వస్తే మనవాళ్లు మొదట అనేది "ఊరు మారాం కదా, నీళ్లు పడలేదు" అని. మందుల షాపులో రెండు మాత్రలు మింగి, తగ్గకపోతే సూది వేయించుకుంటారు. ఈలోగా అది మలేరియాలో ప్రమాదకరమైన ఫాల్సిపేరమ్ రకమైతే ఒకటి రెండు రోజుల్లోనే మెదడు, మూత్రపిండాల దాకా వెళ్లగలదు. వేలి కొసన చిన్న చుక్క రక్తంతో మలేరియా పరీక్ష కిట్ పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం చెబుతుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పరీక్ష, మందులు ఉచితం. వైవాక్స్ రకంలో చిక్కు వేరు. మూడు రోజుల క్లోరోక్విన్‌తో రక్తంలోని క్రిములు పోయి జ్వరం దిగుతుంది, కానీ కాలేయంలో కొన్ని నిద్రపోతూ మిగులుతాయి. వాటి కోసమే 14 రోజుల ప్రైమాక్విన్. జ్వరం తగ్గింది కదా అని మూడో రోజున ఆపేస్తే, వారాలో నెలలో గడిచాక, ఏ దోమా కుట్టకుండానే అదే చలిజ్వరం తిరిగి వస్తుంది. గర్భిణులకు, పసిబిడ్డలకు ఈ మందు ఇవ్వరు, కొందరికి రక్తంలోని ఎంజైమ్ లోపం వల్ల పడదు. కాబట్టి డాక్టరు చెప్పకుండా కొనుక్కోకూడదు. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఈమధ్య ఏయే ఊళ్లు తిరిగారో, ఇంతకుముందు ఎప్పుడైనా మలేరియా వచ్చిందో అడగకపోయినా చెప్పండి, అది ఆరు నెలల కిందటి ప్రయాణమైనా సరే.