పైపొర లేని వైరస్‌లు కణంలోకి ఎలా చొరబడతాయి: అపోహలు - వాస్తవాలు

కోవిడ్ వచ్చాక వైరస్ గురించి చాలామందికి ఒక బొమ్మ మనసులో నిలిచిపోయింది. చుట్టూ కొవ్వు పొర, దాని మీద ముళ్లు. ఆ పొర మన కణం పొరతో కలిసిపోతే లోపలున్న ఆర్‌ఎన్‌ఏ కణంలోకి చేరిపోతుంది. కరోనాకూ ఫ్లూకూ ఇది సరిపోతుంది. పోలియో, జలుబు తెచ్చే రైనో, చిన్నపిల్లలకు విరేచనాలు పట్టించే రోటా, ఇంకా అడినో, నోరో వైరస్‌లకు మాత్రం ఆ పొరే ఉండదు. వాటికి ఉన్నదల్లా క్యాప్సిడ్ అనే ప్రొటీన్ గుల్ల. కలిసిపోవడానికి తన పొరంటూ లేని వైరస్ కణం పొరను ఎలా దాటుతుంది? వైరాలజీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. అపోహలు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

అపోహ: పొర లేదు కాబట్టి ఇవి బలహీనమైనవి.

నిజం దీనికి పూర్తిగా వ్యతిరేకం. సబ్బుకు, ఆల్కహాల్‌కు తేలిగ్గా లొంగేది కొవ్వు పొరే. అది లేని పోలియో వైరస్ కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల దాకా వెళ్తుంది. నోరోవైరస్ మీద శానిటైజర్ అంతగా పనిచేయదు. సబ్బుతో రుద్ది, నీళ్లతో కడిగేసుకోవడమే మేలు.

అపోహ: క్యాప్సిడ్ ఒక గట్టి డబ్బా. కణంలోకి వెళ్లాక పగిలి జన్యుపదార్థం బయటపడుతుంది.

పాఠ్యపుస్తకాల్లోని బొమ్మలు ఈ భ్రమకు చాలావరకు కారణం. వాటిలో క్యాప్సిడ్ కదలని రాయిలా కనిపిస్తుంది. అసలు క్యాప్సిడ్‌ను ఎక్కుపెట్టిన విల్లుగా ఊహించుకోవాలి. బయట ఎంత కాలమైనా అలాగే ఉంటుంది, సరైన చోట సరైన స్పర్శ తగిలితే వదులుతుంది.

పోలియో వైరస్‌నే చూడండి. దాదాపు 30 నానోమీటర్ల గుల్ల, లోపల సుమారు 7,500 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ. గుల్లలో నాలుగు రకాల ప్రొటీన్లు, ఒక్కోటి 60 ప్రతులు. కణం మీది సీడీ155 అనే రిసెప్టర్ (వైరస్ అతుక్కునే ప్రొటీన్) తగలగానే, శరీర ఉష్ణోగ్రత దగ్గర, గుల్ల ఆకారమే మారిపోతుంది. అప్పటిదాకా లోపల దాగి ఉన్న వీపీ4 అనే చిన్న ప్రొటీన్ బయటికొస్తుంది. దానికి ఒక కొవ్వు తోక అతికి ఉంటుంది. వీపీ1 ప్రొటీన్ కొస కూడా బయటికి చాచుకుంటుంది. ఈ రెండూ కణం పొరలో దిగి దారి చేస్తాయి, ఆర్‌ఎన్‌ఏ దానిగుండా లోపలికి వెళ్తుంది. గుల్ల ముక్కలవ్వదు, ఖాళీగా మిగులుతుంది.

ఈ గుల్ల ఎంత చలనశీలమో 1994లో తెలిసింది. రిసెప్టర్ ఏమీ లేకపోయినా, 37 డిగ్రీల దగ్గర లోపలి భాగాలు కాసేపు బయటికి తొంగిచూసి మళ్లీ వెనక్కి వెళ్తున్నాయి. మా రంగంలో దీన్ని గుల్ల 'ఊపిరి తీయడం' అంటారు.

రిసెప్టర్ పని అతుక్కునే చోటు చూపించడంతో అయిపోతుందని అనుకునేవాళ్లూ ఉన్నారు. పోలియోలో గుల్లను తెరిపించేది కూడా అదే. ఎలుక కణాలకు ఆ రిసెప్టర్ లేదు, కాబట్టి వైరస్ వాటి జోలికి పోలేదు. అయితే గుల్ల తీసేసి వట్టి ఆర్‌ఎన్‌ఏను లోపలికి పంపితే అవే కణాలు కొత్త వైరస్‌లను తయారుచేశాయి. 1950ల చివర్లోనే ఇది తేలింది. ఆ కణాలను కాపాడింది గుమ్మం ఒక్కటే.

అపోహ: అన్నీ సిరంజిలా జన్యుపదార్థాన్ని ఎక్కిస్తాయి.

అది బ్యాక్టీరియాను పట్టే టీ4 లాంటి ఫేజ్‌ల పద్ధతి. మన కణాల్లోకి వచ్చే వైరస్‌లకు అలాంటి తోక ఉండదు.

అడినోవైరస్ విడిపోవడం కణం బయటే మొదలవుతుంది. దాని ముళ్లు పట్టుకున్న రిసెప్టర్ పొర మీద అటూ ఇటూ కదులుతుంటే, గుల్ల పట్టుకున్న ఇంటెగ్రిన్ అనే మరో కణపు ప్రొటీన్ కదలకుండా ఉంటుంది. రెండు వైపులా లాగుడికి ముళ్లు ఊడి, లోపలున్న ప్రొటీన్-6 బయటపడుతుంది. కణం వైరస్‌ను మింగి లోపలికి మోసుకెళ్లే ఎండోసోమ్ అనే సంచిని అది చింపేస్తుంది. తర్వాత కణంలో సరుకు మోసే మోటార్ ప్రొటీన్లే వైరస్‌ను కేంద్రకం దాకా చేరుస్తాయి. 90 నానోమీటర్ల గుల్ల కేంద్రక రంధ్రంలో పట్టదు. అందుకే ద్వారం దగ్గర ఆగుతుంది, మరో మోటార్ దాన్ని లాగి విడదీస్తుంది, డీఎన్‌ఏ లోపలికి పోతుంది. ఇంత ప్రయాణంలో వైరస్ సొంతంగా చేసేది చాలా తక్కువ. పనంతా కణం చేతే చేయించుకుంటుంది. ఇది ఎన్నిసార్లు చదివినా నాకు ఆశ్చర్యమే.

అపోహ: జన్యుపదార్థం బయటికి రాకపోతే ఇన్ఫెక్షన్ లేదు.

రోటావైరస్ ఈ మాటను తప్పని చూపిస్తుంది. పేగులోని ట్రిప్సిన్ అనే జీర్ణ ఎంజైమ్ దాని ముళ్లను కోసి సిద్ధం చేస్తుంది. లోపలికి వచ్చాక కాల్షియం తగ్గేసరికి బయటి పొర ప్రొటీన్లు రాలిపోతాయి. లోపలి రెండు పొరలు మాత్రం చెక్కుచెదరవు. 11 ముక్కల జంటపోగు ఆర్‌ఎన్‌ఏ వాటిలోనే ఉండిపోతుంది, నకళ్లు మాత్రం చిన్న రంధ్రాల గుండా బయటికొస్తాయి. జంటపోగు ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే కణం వెంటనే అలారం మోగిస్తుంది. దాన్ని దాచి ఉంచడం రోటాకు చాలా అవసరం.

అపోహ: కణానికి అతుక్కుందంటే ఇక ఆపలేం.

అతుక్కున్నవాటిలో చాలా వైరస్ కణికలు ఎక్కడో ఒక దశలో విఫలమవుతాయి. సరైన చోటికి ముందే విచ్చుకున్నా వృథా, అసలు విచ్చుకోకపోయినా వృథా. మందులు పట్టుకోగల బలహీనత ఇదే. రైనో, ఎంటెరోవైరస్‌ల గుల్లలో ఒక చిన్న గాడి ఉంటుంది. ప్లెకోనరిల్ అనే మందు అందులో దూరి, గుల్ల విచ్చుకోకుండా బిగించేస్తుంది. ఇతర మందులతో చిక్కులూ భద్రత సందేహాలూ వచ్చి 2002లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జలుబుకు దానికి అనుమతి ఇవ్వలేదు. ఆలోచన మాత్రం సరైనదే. మన శరీరమే ఆ పని చేస్తోంది: పేగుల్లో తయారయ్యే ఆల్ఫా డిఫెన్సిన్ అనే చిన్న ప్రొటీన్ అడినోవైరస్ గుల్లను బిగించి పట్టుకుంటుంది. ప్రొటీన్-6 బయటికి రాదు, సంచి చిరగదు, వైరస్ అందులోనే చిక్కుకుపోతుంది.