మొక్క ఎందుకు వంగుతుంది? అపోహలు – వాస్తవాలు

వ్యవసాయ కాలేజీలో మొక్కల శరీరధర్మశాస్త్రం చెబుతాను. పొలానికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు మొక్కల సంగతి ఎత్తుతారు. అలా తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కిటికీలో మొక్కకు వెలుగు తగిలిన పక్క బాగా పెరుగుతుంది, అందుకే అటు వంగుతుంది.

వాస్తవం: ఎక్కువ పెరిగేది నీడ పక్కే. వెలుగు ఒకవైపు నుంచే పడితే, ఆక్సిన్ అనే హార్మోన్ నీడ పక్కకు చేరుతుంది. అక్కడి కణాలు ఎక్కువ సాగడంతో కాండం వెలుగు వైపు ఒరుగుతుంది. చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల చివర్లకు వెలుగు సోకకుండా టోపీలు తొడిగి చూస్తే అవి వంగలేదు. 1880లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే వెలుగును పసిగట్టేది కొస, వంగేది దాని కింది భాగం.

అత్తిపత్తి లాంటివాటిని పక్కన పెడితే, మొక్క దిక్కు మార్చుకోవాలంటే ఒక పక్క ఎక్కువ పెరగడమే దారి. పెరగడం ఆగిపోయిన భాగం తిరగలేదు. ఇది గుర్తుంటే తర్వాతి రెండు అపోహలు వాటంతటవే తేలిపోతాయి.

అపోహ: పొద్దుతిరుగుడు పువ్వు రోజంతా సూర్యుడి వెంట తిరుగుతుంది.

వాస్తవం: తిరిగేది లేత మొక్క. పగలు కాండం తూర్పు పక్క ఎక్కువ పెరిగి తల పడమటికి వాలుతుంది, రాత్రి పడమటి పక్క పెరిగి మళ్లీ తూర్పుకు వస్తుంది. పువ్వు పూర్తిగా విచ్చేసరికి కాండం ఎదుగుదల ఆగిపోతుంది, తల తూర్పుకే నిలిచిపోతుంది. అలా నిలవడం మంచిదే. పొద్దున్నే పువ్వు త్వరగా వెచ్చబడుతుంది, తేనెటీగలు ఎక్కువగా వాలతాయి. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో దీన్ని వివరంగా చూపించారు.

అపోహ: గాలివానకు పడిన వరి దానంతటదే లేస్తుంది.

వాస్తవం: ఎప్పుడు పడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. లేత పైరు పడితే కణుపుల దగ్గర కింది పక్క ఎక్కువ పెరిగి, చివర కొంత పైకి లేస్తుంది. గింజ గట్టిపడ్డాక కణుపులో ఆ శక్తి ఉండదు. అప్పుడు ఎదురుచూస్తూ కూర్చుంటే గింజ చేలోనే మొలకెత్తుతుంది. వెంటనే నీళ్లు తీసేసి, నాలుగైదు దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టుకోవాల్సిందే.

అపోహ: విత్తనం తలకిందులుగా పడితే మొక్క రాదు.

వాస్తవం: వస్తుంది. వేరు కొసను కప్పి ఉండే తొడుగు కణాల్లో బరువైన పిండి రేణువులుంటాయి. విత్తనం ఎటు పడినా అవి కింది పక్కకు దిగుతాయి, వేరుకు దిక్కు అక్కడే తెలుస్తుంది. ఆ తొడుగు తీసేస్తే వేరు పెరుగుతూనే ఉంటుంది కానీ కిందికి తిరగలేదు.

అపోహ: వేరుశనగ కాయ వేరుకు కాస్తుంది.

వాస్తవం: ఈ మాట చదువుకున్నవాళ్లే ఎక్కువగా అంటారు. అనంతపురం రైతును అడగండి, ఊడలు దిగడం గురించి పాఠమే చెబుతాడు. పువ్వు పూసేది నేల పైన. ఫలదీకరణ తర్వాత అండాశయం కింద కాడ లాంటి ఊడ పుట్టి, కొసన అండాశయాన్ని మోసుకుంటూ నేలలోకి దిగుతుంది. అది వేరు కాకపోయినా వేరులాగే గురుత్వాన్ని అనుసరిస్తుంది. మట్టిలోకి దిగాక కొస అడ్డంగా తిరిగి కాయగా ఊరుతుంది. దానికి చీకటి కావాలి. నేలకు అందక గాల్లోనే వేలాడే ఊడ కాయ కట్టదు. మొక్క మొదట్లోకి మట్టి ఎగదోయమని, ఊడలు దిగే వేళ కాల్షియం ఉండే జిప్సం వేయమని చెప్పేది ఇందుకే. కాయకు కావాల్సిన కాల్షియంలో ఎక్కువ భాగం వేరు నుంచి రాదు, కాయే చుట్టూ ఉన్న మట్టి నుంచి పీల్చుకుంటుంది. ఊడలు దిగాక గుంటక తోలితే పోయేది కలుపు ఒక్కటే కాదు, ఊడలు కూడా తెగుతాయి.

కిందికి పోయేవన్నీ వేర్లు కానట్టే, పైకి వచ్చేవన్నీ కొమ్మలు కావు. కోరింగ మడ అడవుల్లో బురద లోంచి నిలువుగా పొడుచుకొచ్చిన పుల్లల్లాంటివి చూసే ఉంటారు. అవి మడ చెట్ల శ్వాసవేర్లు, గాలి కోసం పైకి పెరుగుతాయి.

అపోహ: గురుత్వం లేకపోతే విత్తనం మొలవదు.

వాస్తవం: మొలకకు కావాల్సింది నీరు, గాలి, తగిన వెచ్చదనం. 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ60లో ఇస్రో 8 అలసంద గింజలు పంపింది. నాలుగు రోజుల్లో మొలకలొచ్చాయి, తర్వాత ఆకులూ విచ్చాయి. భారరహిత స్థితిలో పిండి రేణువులు ఒక పక్కకు దిగవు కాబట్టి మొక్కకు దిక్కు చెప్పే పని ఎక్కువగా వెలుగు మీదే పడుతుంది. అందుకే అంతరిక్షంలో మొక్కలు పెంచే పెట్టెల్లో దీపాలు ఒకే పక్కన అమరుస్తారు.