హత్య పక్కన ‘ఆనర్’ ఎలా చేరింది

కుటుంబ పరువు పేరు చెప్పి చేసే నేరాల గురించి రాసేటప్పుడు బ్రిటన్ ప్రాసిక్యూషన్ విభాగం ‘ఆనర్’ అనే మాటను ఒంటరిగా వదలదు. దాని ముందు ‘సో కాల్డ్’ అని తగిలిస్తుంది. వాళ్లు అలా పిలుచుకుంటున్నారు గానీ అది మా మాట కాదని చెప్పడం దాని ఉద్దేశం. 2000 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ చేసిన తీర్మానం కూడా ఇదే జాగ్రత్త తీసుకుని, ‘ఆనర్ పేరిట’ స్త్రీలపై జరిగే నేరాలు అని రాసింది. హంతకుడు చెప్పుకునే సాకును నేరానికి పేరుగా పెడితే అతని వాదనను సగం ఒప్పుకున్నట్టే. అందుకే ఈ జాగ్రత్త అవసరం. అయితే ఇంగ్లీషులో ఆనర్ ఎప్పుడూ నిర్మలమైన మాటేననీ, దూరదేశాల ఆచారాలే దానికి మకిలి అంటించాయనీ అనుకుంటే మాత్రం చరిత్ర ఒప్పుకోదు.

మాట పుట్టింది లాటిన్‌లో. రోమన్ రిపబ్లిక్‌లో ‘హొనోర్’ అంటే మన్నన మాత్రమే కాదు, ప్రభుత్వ పదవి కూడా. క్వేస్టర్ పదవితో మొదలై ప్రీటర్ మీదుగా కాన్సల్ దాకా ఎక్కే మెట్ల వరుసకు ‘కుర్సుస్ హొనోరుమ్’ అని పేరు. అంటే అది ఒకరు ఇస్తే వచ్చేది. ఎవరూ చూడని చోట మనిషి ఎలా నడుచుకుంటాడన్నది ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఈ మాట ఫ్రెంచి రూపంలో అక్కడికి చేరింది. మొదటి ‘హెచ్’ను నేటికీ పలకకపోవడం ఆ ఫ్రెంచి గుర్తే. అక్కడ దానికి ఒక కొత్త అర్థం స్థిరపడింది. రాజు తన పెద్ద సామంతుడికి ఇచ్చిన భూములన్నిటినీ కలిపి ఒక ‘ఆనర్’ అనేవారు. రిచ్‌మండ్ ఆనర్, వాలింగ్‌ఫర్డ్ ఆనర్, క్లేర్ ఆనర్ అని పాత పత్రాల్లో కనిపించేవి బిరుదులు కావు, ఎస్టేట్లు. ఒక్కో ఆనర్ కింద అనేక గ్రామాలుండేవి, వాటి తగాదాలు తీర్చడానికి సొంత న్యాయస్థానం ఉండేది. రాజద్రోహం చేస్తే అంతా రాజు పరమయ్యేది. ఈ అర్థాన్ని నిఘంటువుల్లో ‘ప్రాచీనం’ అని ముద్ర వేసి పక్కన పెడతారు గానీ, తర్వాతి కథకంతా కీలకం ఇదేనని నాకనిపిస్తుంది. గౌరవం అనేది హద్దురాళ్లున్న ఆస్తి అయినప్పుడు, దాన్ని ఎవరో ఆక్రమిస్తారన్న భయం వెంటే వస్తుంది. ఆక్రమించినవాణ్ని కొట్టే హక్కు తనకుందన్న నమ్మకం కూడా వస్తుంది.

ఆ ఆస్తి కొందరికే ఉండేదన్నది మరో సంగతి. ఇంగ్లండులో మామూలు మనిషి జూరీలో కూర్చుంటే దేవుడి మీద ప్రమాణం చేయాలి. ప్రభువు మీద ఘోరమైన నేరారోపణ వస్తే మాత్రం తోటి ప్రభువులే విచారించేవారు. వాళ్లకు ప్రమాణం అక్కర్లేదు. కుడిచేతిని గుండె మీద పెట్టుకుని ‘నా ఆనర్ మీద’ అంటూ తీర్పు చెబితే సరిపోయేది. ఈ తరహా విచారణ చివరిసారి జరిగింది 1935లో. 1948లో చట్టం చేసి దాన్ని తీసేశారు. జూదంలో ఓడిన బాకీని ‘డెట్ ఆఫ్ ఆనర్’ అనేవారు. దాన్ని వెంటనే తీర్చడం పెద్దమనిషి లక్షణం. బట్టలు కుట్టిన దర్జీ బాకీ ఏళ్ల తరబడి నిలిచిపోయినా మర్యాదకు లోటు లేదు. తన అంతస్తు వాడికి ఇచ్చిన మాటే మాట అని దీని అర్థం.

ద్వంద్వయుద్ధం వేళ్లూనింది ఈ ఆలోచనలోనే. అందులో ఎవరైనా చస్తే చట్టం దృష్టిలో అది హత్యే. అయినా సవాలును కాదన్నవాడు పెద్దమనుషుల మధ్య తలెత్తుకోలేకపోయేవాడు. 1829 మార్చి 21న ప్రధానమంత్రి పదవిలో ఉన్న వెల్లింగ్టన్ డ్యూక్ అంతటివాడు బాటర్‌సీ పొలాల్లో విన్‌చిల్సీ ప్రభువుతో పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. క్యాథలిక్కులకు హక్కులిచ్చే బిల్లు విషయంలో తన నిజాయితీని బహిరంగంగా శంకించారన్నది ఆయన కోపం. ఒకరి గుండు పక్కకు పోయింది, ఇంకొకరు గాలిలోకి కాల్చారు, క్షమాపణతో వ్యవహారం ముగిసింది. దేశానికి చట్టాలు చేసే మనిషే చట్టాన్ని మీరి తుపాకి పట్టడం ఆనాటి చాలామందికి తప్పుగా తోచలేదు. పరువు కోసం ప్రాణం తీయవచ్చన్న ఆలోచనకు లండన్ శివార్లలో అంతటి మన్నన ఉండేది.

స్త్రీల విషయంలో ఈ మాట మరీ ఇరుకైపోయింది. శామ్యూల్ జాన్సన్ 1755 నిఘంటువులో ఆనర్‌కు ఇచ్చిన అర్థాల్లో పదవి ఉంది, కీర్తి ఉంది, నీచత్వాన్ని ఏవగించుకునే ఔదార్యం ఉంది, శీలం కూడా ఉంది. పురుషుడికి ధైర్యం, మాట నిలకడ, హోదా అన్నీ ఆనర్ కిందికి వస్తే, స్త్రీకి మిగిలింది చాలావరకు ఆ చివరిదే. అదైనా పూర్తిగా ఆమెది కాదు. 1707లో ప్రధాన న్యాయమూర్తి హోల్ట్, భార్యతో పరపురుషుణ్ని చూసి అక్కడికక్కడే అతణ్ని చంపిన భర్తది హత్యానేరం కాదని, అంతకన్నా చిన్న నేరమని చెప్పారు. అందుకు ఆయన ఇచ్చిన కారణం, వ్యభిచారం ఆస్తిపై జరిగే అతి పెద్ద దురాక్రమణ అని. ఆయన వాడింది ఆనర్ అనే మాట కాదు, ఆస్తి అనే మాట. కానీ ఒకప్పుడు ఇంగ్లండులో ఆ రెండూ ఒకటే. రెచ్చగొట్టడం వల్ల చంపానంటే హత్యానేరం తగ్గించే వాదనను అక్కడి చట్టం 2010 అక్టోబరు దాకా మోసుకొచ్చింది. దాని స్థానంలో వచ్చిన కొత్త నిబంధన, అవతలివారి లైంగిక ద్రోహాన్ని నిగ్రహం కోల్పోవడానికి కారణంగా లెక్కించరాదని రాసి మరీ చెప్పాల్సి వచ్చింది.

ఇంతలో హోదా అర్థం అంగడికెక్కింది. 1611లో మొదటి జేమ్స్ రాజు బారోనెట్ అనే కొత్త బిరుదును సృష్టించి 1,095 పౌన్లకు ఇచ్చాడు. ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ హయాంలో బిరుదుల అమ్మకం ఎంత రచ్చకెక్కిందంటే, 1925లో దాన్ని నేరంగా ప్రకటిస్తూ చట్టమే చేశారు. ఈ బిరుదులన్నిటికీ కలిపి ‘ఆనర్స్’ అని పేరు. 1919 మే 31న రవీంద్రనాథ్ ఠాగూర్ వైస్రాయికి లేఖ రాసి వదులుకున్న నైట్‌హుడ్, అంటే ‘సర్’ బిరుదు, ఈ ఆనర్స్‌లో ఒకటే. జలియన్‌వాలాబాగ్ తర్వాత, అవమానం నడుమ ఈ గౌరవ చిహ్నాలు మన సిగ్గును మరింత కొట్టొచ్చినట్టు చూపిస్తున్నాయని ఆయన రాశారు. ఇచ్చే గౌరవానికీ, మనిషి తనలో తాను కాపాడుకునే గౌరవానికీ మధ్య దూరాన్ని ఇంత సూటిగా ఇంగ్లీషులో చెప్పినవాళ్లు తక్కువ.

ఈ మాటకు మంచి రోజులు లేవా అంటే, ఉన్నాయి. అవి ఎక్కువగా క్రియలో ఉన్నాయి. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్‌లో తల్లిదండ్రులను సన్మానించమన్న ఆజ్ఞలో ఉన్నది ఈ క్రియే. బ్యాంకు చెక్కును ‘ఆనర్’ చేసిందంటే రాసిన ప్రకారం డబ్బు చెల్లించిందని. ఒప్పందాన్ని ఆనర్ చేయడమూ అంతే. ఇక్కడ గౌరవం ఎవరి సొత్తూ కాదు, ఒకరు ఇంకొకరి పట్ల చేసే పని. చేసేవాడు తాను కట్టుబడి ఉంటాడు, ఎదుటివాణ్ని కట్టడి చేయడు. నామవాచకంగా మారి ‘నా ఆనర్’, ‘మా ఇంటి ఆనర్’ అయినప్పుడే దానికి కాపలా, అనుమానం, శిక్ష తోడవుతాయి.

‘ఆనర్ కిల్లింగ్’ అన్న జంట పదం గత శతాబ్దం చివరి దశాబ్దాల్లో పత్రికల ద్వారా విస్తృతంగా వ్యాపించింది. అనువాదం కొంత నష్టం చేసింది. అరబీలో మనిషి చేతల వల్ల పెరిగే తరిగే ప్రతిష్ఠకు ‘షరఫ్’ అనీ, ఇంటి స్త్రీల నడతకు ముడిపెట్టిన పరువుకు ‘ఇర్ద్’ అనీ వేరు మాటలున్నాయి. రెండోది పోవడమే గానీ పెరగడం ఉండదంటారు. ఉర్దూలో రోషాన్ని చెప్పే ‘ఘైరత్’ వేరు, మర్యాదను చెప్పే ‘ఇజ్జత్’ వేరు. ఇంగ్లీషు అన్నిటినీ ఒక్క ఆనర్‌లో పోసేసింది. దాంతో యుద్ధవీరుడి పతకానికీ, చెల్లెలిని చంపిన అన్న సాకుకూ ఒకే పేరు దక్కింది.

ఇప్పుడు బ్రిటన్‌లో వాదన రెండు వైపులా నడుస్తోంది. ‘సో కాల్డ్’ చేర్చినా మాట మిగిలే ఉందని, దాన్ని పూర్తిగా తీసేసి హత్యను హత్య అనే పిలవాలని కొందరు అంటారు. నా మనసు అటే మొగ్గుతుంది. కానీ రెండోవైపు చెప్పేదాన్ని తోసిపుచ్చలేం. మామూలు గృహహింసలో ప్రమాదం సాధారణంగా ఒక మనిషి నుంచి. ఇక్కడ తండ్రి, అన్నదమ్ములు, బాబాయిలు, కొన్నిసార్లు తల్లి కూడా కలిసి నిర్ణయిస్తారు. ఆ తేడా తెలియని పోలీసు అధికారి ఆ అమ్మాయిని రాజీ కోసం ఇంటికే పంపవచ్చు, లేదా ఆమె మాటలు అనువదించడానికి బంధువునే పిలవవచ్చు. బలవంతపు పెళ్లిళ్లపై బ్రిటిష్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో ‘ఒకే అవకాశం’ అనే సూత్రం ఉన్నది అందుకే: బాధితురాలితో మాట్లాడే వీలు అధికారికి ఒక్కసారే దొరకవచ్చు. పేరు మార్చాలనేవాళ్లు ఈ తేడాను పట్టి చూపే మరో మాటను ఇవ్వాల్సి ఉంది.