అలిపిరా, శ్రీవారి మెట్టా?

అనంతపురం నుంచి మా బామ్మర్ది వచ్చాడు. నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నాడట. "ఆటో ఎక్కి మెట్ల దారి దగ్గర దిగు, అక్కడే ఉంటాం" అని ఫోన్లో చెప్పాను. మేము శ్రీవారి మెట్టు దగ్గర గంటసేపు కాచుకున్నాం. వాడేమో అలిపిరి పాదాల మండపం దగ్గరున్నాడు. "మెట్ల దారి అంటివి కదా బావా, ఇవి మెట్లు కాదా?" అన్నాడు. ఏమని తప్పు పట్టేది? అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు శ్రీనివాసమంగాపురం దాటాక వస్తుంది, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే. ఆటో అతను అందరూ అడిగే చోటుకే తీసుకెళ్లాడు. నా మనసులో ఉన్న చోటు నా మాటలో లేదు.

ఏఐ కోడింగ్ ఏజెంట్లకు, అంటే పని చెబితే తామే కోడ్ రాసి దిద్దే ఏఐ ప్రోగ్రాములకు, టూల్స్ రాసేటప్పుడు కూడా నాది ఇదే తప్పు.

ఏజెంట్ లోపలి భాషా మోడల్ తనంతట తాను ఫైల్ తెరవలేదు, ప్రోగ్రామ్ నడపలేదు. చదవడం, రాయడం, అంతే. అందుకని దానికి టూల్స్ ఇస్తాం. ప్రతి టూల్‌కీ ఒక పేరు, ఒక వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో చెప్పే పట్టిక ఉంటాయి. మోడల్ అవి చదివి "ఫలానా టూల్‌ని ఈ విలువలతో పిలవండి" అని రాస్తుంది. పక్కనున్న మామూలు ప్రోగ్రామ్ ఆ పని చేసి ఫలితం తెచ్చిస్తుంది. టూల్ లోపల మనం రాసిన కోడ్ సాధారణంగా మోడల్ కంట పడదు. దానికి తెలిసిందల్లా ఆ నాలుగు వాక్యాలే.

2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ అనే ఏఐ కంపెనీ, ఏజెంట్లకు టూల్స్ కలపడానికి ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాక, ఎవరో రాసిన టూల్‌ని ఇంకెవరి ఏజెంటో వాడుకోవడం మామూలైంది. బస్టాండులో దిగిన కొత్త మనిషికి దారి చెప్పినట్టే రాయాలిక. ఆ కంపెనీవాళ్లే తమ ఏజెంట్‌తో ఒక ఇబ్బంది పడ్డారు. అది ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లాక ఫైళ్ల దారి తప్పు ఇచ్చేది. మొదటి నుంచి చివరిదాకా పూర్తి దారి ఇవ్వాల్సిందేనని టూల్‌ని మార్చారు. తప్పులు ఆగిపోయాయి.

ఇక నా బాగోతం. దామలచెరువు వైపు ఒక మామిడి మండీకి లెక్కల ప్రోగ్రామ్ రాశాను. అందులో ఒక తప్పు దిద్దమని ఏజెంట్‌కి అప్పగించాను. నేనిచ్చిన టూల్ వివరణ రెండే మాటలు: "ఎంట్రీలు ఇస్తుంది." ఏజెంట్ మే 6 లెక్కలు కావాలనుకుని 05-06 అని పంపింది. నా కోడ్ దాన్ని జూన్ 5 అనుకుంది. రెండూ సీజన్ రోజులే, రెండు రోజులూ తోతాపురి లోడ్లు దిగాయి. ఎర్రర్ రాలేదు, అనుమానమూ రాలేదు. వేరే రోజు అంకెలు చూసి బాగున్న కోడ్‌ని దిద్దేసింది. సగం రోజు నా టెన్షన్‌కే సరిపోయింది. మోడల్‌ది మొద్దు బుర్ర అని తిట్టుకునేవాళ్లు ముందు తమ వివరణ చదువుకోవాలని అప్పటినుంచీ నా అభిప్రాయం.

ఇలా మార్చాను: "ఒక రోజు మండీకి వచ్చిన లోడ్ల తూకాలు ఇస్తుంది. తేదీ 2025-06-05 లాగా ఏడాది, నెల, రోజు వరుసలో ఇవ్వాలి. తూకం కిలోల్లో ఉంటుంది, టన్నుల్లో కాదు. ఆ రోజు లోడ్లు లేకపోతే ఖాళీ జాబితా వస్తుంది, అది లోపం కాదు. రైతు బాకీల కోసం దీన్ని వాడొద్దు, దానికి వేరే టూల్ ఉంది." (అసలుది ఇంగ్లీషులోనే రాశాను. తెలుగు లిపికి టోకెన్లు, అంటే మోడల్ చదివే చిన్న ముక్కలు, ఎక్కువ పడతాయి.)

అన్నిటికన్నా పనికొచ్చింది ఆ "వాడొద్దు" వాక్యం. తిరుపతిలో దేవస్థానం వసతి గృహాలు చూడండి: రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం. పేర్లు దగ్గర, పనీ ఒకటే. రెండోది కాదని చెబితేగానీ కొత్తవాళ్లు సరిగ్గా చేరరు. అట్లాగని స్థలపురాణం రాయకూడదు. టూల్ వాడినా వాడకున్నా ఆ వివరణంతా సాధారణంగా ప్రతిసారీ మోడల్ చదవాల్సిందే, ఖర్చు మనదే.

కొత్త వివరణ తీసుకెళ్లి మండీ గుమాస్తాకి చదివి వినిపించాను. కంప్యూటర్ సంగతి తెలియని మనిషికి అర్థమైతే చాలనుకున్నాను. అంతా విని, "తూకమంటే తరుగు తీసినాకనా సార్, తీయకముందా?" అని అడిగాడు. ఇంటికొచ్చి కోడ్ తెరిచి చూశాను. ఒకచోట తీసినాక, ఇంకోచోట తీయకముందు.