తెలియక కాదు, నల్లా రాక: తిండి అలవాట్ల మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్ బస్తీల్లో, బడుల్లో, అప్పుడప్పుడు అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో పోషకాహారం గురించి చెప్పడం నా ఉద్యోగం. పదమూడేళ్ళయింది. తిండి మీద జనానికున్న అపోహల గురించి అందరూ రాస్తారు. జనం మీద మాకు, అంటే చెప్పేవాళ్ళకు, ఉన్న అపోహల జోలికి ఎవరూ పోరు. ఇక్కడ రెండూ కలిపి రాస్తున్నాను. ఏది ఎవరిదో చదివితే మీకే తెలుస్తుంది.

అపోహ: జనానికి తెలియదు. చెబితే మారతారు.

ఈ పనిలో చేరిన కొత్తలో నా సంచిలో ఒక బొమ్మల చార్టు ఉండేది. తోటకూర, క్యారెట్, గుడ్డు, పాలగ్లాసు. ఒక మధ్యాహ్నం అడ్డగుట్టలో పదిహేనుమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఆకుకూరల్లో ఇనుము ఉంటుందని చెప్తున్నాను. వెనక గోడకు ఆనుకుని కూర్చున్నామె, ఇళ్ళు కట్టే దగ్గర మాల్ మోస్తుంది, చెయ్యెత్తింది.

"ఆకుకూర మంచిదని నాకెరుకనే మేడం. మా అమ్మ గంగవాయిలి కూర పప్పుల ఏసి వండేది. గని అది కడగాలంటే మూడు బకీట్ల నీళ్ళు గావాలె. నల్లా దినం తప్పి దినం వస్తది. అది వచ్చే యాళ్ళకు నేను పన్ల ఉంట. ఏం జెయ్యమంటరో మీరే చెప్పుండ్రి."

నా చార్టులో నల్లా బొమ్మ లేదు. ఏదో గొణిగి తర్వాతి బొమ్మకు పోయాను.

ఇంటికొచ్చి ఆ రాత్రి గడియారం పెట్టుకుని పాలకూర బాగు చేశాను. కట్టలు విప్పి, వేర్లు కోసి, పండుటాకులు ఏరి, అడుగున ఇసుక కనిపించనంత వరకు కడిగి, తరిగేసరికి నాలుగు కట్టలకు ఇరవై రెండు నిమిషాలు. అదీ సింకులో ధారగా నీళ్ళొచ్చే వంటింట్లో, పక్కన పిల్లలెవరూ ఏడవకుండా. ఆలుగడ్డకైతే మూడు నిమిషాలు. పొద్దున్నే కూలి అడ్డా మీదకు పోవాల్సిన మనిషి దేన్ని ఎంచుకుంటుంది? అది అజ్ఞానమా, లెక్కా?

అప్పటినుంచి ఏ బస్తీకి వెళ్ళినా నా మొదటి ప్రశ్న "మీ నల్లా ఏ రోజు?" నీళ్ళొచ్చే రోజే ఆకుకూర రోజు. మిగతా రోజులకు మునగాకు కారప్పొడి. మునగచెట్టు లేని గల్లీ మన ఊళ్ళో తక్కువ. ఆకును ఒకేసారి కడిగి, నీడలో ఆరబెట్టి, ఎండుమిర్చి, పల్లీలు, వెల్లుల్లితో దోరగా వేయించి దంచితే పదిహేను రోజులు నిలుస్తుంది. చెంచాడు పొడి గిన్నెడు కూరకు సాటి రాదు, ఆ సంగతి కూడా చెప్తాను. కానీ వండని పాలకూర కంటే తిన్న మునగాకు పొడి మేలు.

అపోహ: అన్నమే అసలు శత్రువు. మిల్లెట్లకు మారితే అన్నీ సర్దుకుంటాయి.

ఇది ఎక్కువగా గచ్చిబౌలి వైపు వినిపిస్తుంది. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలు. జొన్నల్లో 330 చిల్లర, రాగుల్లో 320 దాకా. పెద్ద తేడా ఏముంది? తేడా అంతా పీచులో, ఖనిజాల్లో ఉంది. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటే పాలిష్ బియ్యంలో పది కూడా ఉండదు. అందుకని రాగులు తినమనే చెప్తాను. కానీ కొర్రల బిర్యానీ రెండు ప్లేట్లు లాగించి "నేను రైస్ మానేశానండీ" అనేవాళ్ళకు షుగర్ ఎందుకు దిగదో వేరే చెప్పాలా!

నిజానికి అన్నం కథలోనే మా వృత్తికి పెద్ద పాఠం ఉంది. మా నాయనమ్మ వాళ్ళ ఊళ్ళో రోజూ జొన్న రొట్టె, మక్క గట్క. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. అన్నం తినడమంటే ఒక హోదా. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఇటు బోర్లు పెరిగాయి, వరి పెరిగింది, రొట్టె చేయడం కంటే అన్నం వార్చడం తేలిక. ఒక తరం తిరిగేసరికి జొన్న గట్క కాస్తా "ముసలోళ్ళ తిండి" అయిపోయింది. బియ్యం తినండని ఎవరైనా అవగాహన సదస్సు పెట్టారా? లేదు. ధర మారింది, రేషన్ షాపులో దొరికే సరుకు మారింది, తిండి మారింది. 2025 ఉగాదికి రేషన్‌లో సన్నబియ్యం మొదలయ్యాక నేను తిరిగే బస్తీల్లో రేషన్ బియ్యం అమ్ముకునే బేరాలు తగ్గి, వాటిని ఇంట్లోనే వండుకోవడం పెరిగింది. మేం పదేళ్ళు చెప్పినా అంత వేగంగా ఏదీ మారదు.

మరి అన్నం ఎంత? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల రోజు పళ్ళెం లెక్క ఉంది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400, పప్పులు, గుడ్లు, మాంసం కలిపి 85, పండ్లు 100, పాలూ పెరుగూ కలిపి 300 మిల్లీలీటర్లు, గింజలు 35, నూనె 27. మన పళ్ళెంలో తలకిందులయ్యేది మొదటి రెండు అంకెలే. అందుకే బస్తీల్లో గ్రాములు చెప్పను. అన్నంలో కూర కలుపుకోవడం మానేసి కూరలో అన్నం కలుపుకోమంటాను. నవ్వుతారు, కానీ గుర్తుంటుంది.

నూనెకు ఇంకో చిట్కా. నెలకు ఎన్ని లీటర్ ప్యాకెట్లు కొన్నారో ఇంట్లో తలలతో భాగించండి. ఆ 27 గ్రాముల లెక్కన నలుగురు పెద్దవాళ్ళకు నెలకు మూడున్నర లీటర్లు దాటకూడదు. ఈ లెక్క చేయించాక ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు.

అపోహ: చక్కెర బదులు బెల్లం వాడితే షుగర్ ఉన్నవాళ్ళకు ఫరవాలేదు.

ఫరవా ఉంది. రంగూ రుచీ వేరు, రక్తంలో చేసే పని ఒకటే. తేనె కూడా అంతే. ముందుకు పోదాం.

అపోహ: "మా వాడు కూరగాయలు ముట్టడండీ. వాడి నోరే అంత."

ప్రతి బడిలో, ప్రతి మీటింగులో వినే మాట. నోరు పుట్టుకతో రాదు, అలవాటుతో వస్తుంది. కొత్త రుచిని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది, పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు రుచి చూడాల్సి వస్తుంది. మనం మూడోసారికే "వాడికి పడదు" అని తీర్పిచ్చేస్తాం. ఆ తీర్పు వాడు కూడా వింటాడు. చుట్టాల ముందు "మా వాడు బెండకాయ అసలు తినడు" అని నాలుగుసార్లంటే బెండకాయ తినకపోవడం వాడి గుర్తింపు అయిపోతుంది.

ఇంకో తప్పు, నా కూతురి విషయంలో నేనే చేసింది. "కూర తింటే చాక్లెట్ ఇస్తా." దీంతో పిల్లకు అర్థమయ్యేది ఒకటే: కూర శిక్ష, చాక్లెట్ బహుమతి. దాన్ని వదిలించడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఏం చేశానంటే, చిటికెడు కూర పళ్ళెంలో ఓ మూల పెట్టి, తిన్నావా లేదా అని అడగడం మానేశాను. అడగకుండా ఉండటమే కష్టం. మా అత్తయ్య ఉండబట్టలేక "తిను బంగారం, నీ కోసమే చేశా" అనేది. నేను వంటింట్లోంచే గుడ్లురిమేదాన్ని.

బడి బయట కొట్టు సంగతీ చెప్పాలి. ఐదు రూపాయల ప్యాకెట్లు పిల్లాడి కళ్ళకు ఎదురుగా, చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి. అరటిపండు బండి ఆ గేటు దగ్గరకు రాదు. లోపల మేం పెట్టే క్లాసు నలభై నిమిషాలు, అదీ నెలకోసారి. ప్యాకెట్టు రోజూ వేలాడుతుంది.

అపోహ: తల్లికి నేర్పితే ఇల్లంతా నేర్చుకున్నట్టే.

సంచి పట్టుకుని రైతుబజారుకు వెళ్ళేది చాలా ఇళ్ళలో మామగారో, భర్తో. ఏం వండాలో చెప్పేది అత్తగారు. వండేది కోడలు. అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలితే అది తినేదీ ఆమే. అంటే మా క్లాసుకు వచ్చేది ఇంట్లో తిండి మీద అందరికంటే తక్కువ అధికారం ఉన్న మనిషి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57.6 శాతం మందికి రక్తహీనత. ఇది ఇనుము సంగతి మాత్రమే కాదు, పంక్తిలో ఎవరు చివర అనే సంగతి కూడా.

ఇప్పుడు అత్తలను కూడా పిలుస్తాను. రక్తం పట్టడం గురించి రెండే మాటలు చెప్తాను. అన్నం తిన్న వెంటనే చాయ్ వద్దు, గంట ఆగండి, లేకపోతే తిన్న ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. పప్పు మీద నిమ్మచెక్క పిండండి. చాయ్ మాట ఈ ఊళ్ళో చెప్పడానికి కొంచెం ధైర్యం కావాలి.

అపోహ: మూఢనమ్మకాలను మొదట కొట్టిపారేయాలి.

ఇది నా అపోహ. బాలింతకు పప్పు పెట్టరు, నీళ్ళు తక్కువిస్తారు, వెల్లుల్లి కారంతో అన్నం పెడతారు. వారాసిగూడలో ఒక పెద్దావిడ ఇదంతా చెబుతుంటే నేను నవ్వాను. ఆమె మళ్ళీ నా మీటింగుకు రాలేదు, ఆ గల్లీలో ఇంకో నలుగురిని కూడా రానివ్వలేదు. తప్పు నాదే. ముగ్గురికి పురుడు పోసిన చేతులవి. ఇప్పుడైతే వెల్లుల్లి కారం మంచిదేనంటాను. దాంతోపాటు ఉడికిన గుడ్డు పెడితే పాలు ఇచ్చే తల్లికి బలం కదమ్మా అంటాను. నీళ్ళ విషయంలో మాత్రం తగ్గను: దాహమైనన్నిసార్లు తాగాల్సిందే, కావాలంటే కాచి గోరువెచ్చగా ఇవ్వండి. "వేడి నీళ్ళయితే సరే" అని పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు.

అపోహ: డబ్బున్నవాళ్ళకు ఈ బాధ లేదు.

రాత్రి పదకొండుకు ఫోన్‌లో బిర్యానీ పది నిమిషాల దూరంలో ఉన్నప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న సొరకాయ ఏం చేస్తుంది, పాపం! వీళ్ళకు నల్లా సమస్య లేదు, టైము సమస్య ఉంది, పైగా డబ్బా మీద రాసిన మాట మీద నమ్మకం ఎక్కువ. విరేచనాలైన పిల్లలకు ఓఆర్‌ఎస్ అనుకుని తియ్యటి పానీయాలు పట్టించిన తల్లులు చదువుకోనివాళ్ళు కాదు. ఒక హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో అలాంటి పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశమిచ్చింది.

అపోహ: పోషకాహారం చెప్పేవాళ్ళు పద్ధతిగా తింటారు.

ప్రతి మీటింగు చివర ఎవరో ఒకరు అడుగుతారు, "మేడం, మరి మీరేం తింటరు?" నిన్నటి సంగతి చెప్తాను. మీటింగు ఆలస్యమైంది. మధ్యాహ్నం డబ్బా ఆటోలోనే మర్చిపోయాను. సాయంత్రం ఆరున్నరకు తార్నాక బస్టాపులో నిలబడి నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాను, పైన చాయ్. గంట ఆగలేదు. అంతలో బస్సొచ్చింది.